దశమి పొద్దున రెండు పరిగెలు

కలకత్తా నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: "దుర్గమ్మ పందిళ్ళు ఎన్ని చూశావు?" చూసింది ఒక్కటే, అదీ బయటి నుంచే అని చెబితే మా విజయనగరంలో ఒక్కరూ నమ్మరు. "మరి అన్ని రోజులు ఏం చేశావే?" అంటారు. పరిగెలు పట్టానంటే పళ్ళికిలిస్తారు. ఇకిలించుకోనీ. నేను చూసిన కలకత్తా వాళ్ళెవరూ చూడలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నాకు గాలం పిచ్చి పట్టి ఇంకా ఏడాది కాలేదు. కోర్టు దగ్గర జిరాక్సు దుకాణం నాది. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు నడవమన్నాడు. నడుచుకుంటూ ఊరి బయట గెడ్డ దాకా పోయాను, గెడ్డంటే మా వైపు వాగు. అక్కడ పిల్లలు కర్రకి దారం కట్టి పరిగెలు లాగుతున్నారు. పరిగె వేలెడంత చేప, వెండి ముక్కలా తళుక్కుమంటుంది, తింటే ముల్లు తప్ప మరేమీ ఉండదు. చూస్తూ ఉంటే చేతులు ఊరుకోలేదు. ఆన్‌లైన్‌లో మడతపెట్టే చిన్న గాలం కర్ర తెప్పించాను. అప్పటి నుంచి దానికి చిక్కినవి ఒక పీత, నా చీర కొంగు, మా ఆయన స్కూటర్ సీటు. చేప మాత్రం ఒక్కటీ లేదు. "నీ ఎర కన్నా నీ కేకలే ముందు నీళ్ళలోకి పోతున్నాయి," అంటారాయన. పోనీలెండి, ఇంట్లో ఒకరికైనా నవ్వుకోడానికి పనికొచ్చాను.

ఇంతలో కలకత్తా నుంచి అప్ప ఫోను చేసింది. మా వైపు అక్కని అప్ప అంటాం. పిన్ని కూతురు, పేరు పైడితల్లి. "దసరాకి రాయే. దశమి నాడు కోడలు ఎల్లిపోతంది. నాకు ఇంట్లో ఏటీ తోసట్లేదు," అంది. దుకాణానికి తాళం వేశాను, పెట్టెలో చీరల మధ్య గాలం కర్ర దాచాను. చిన్న చేపకి పుట్టిల్లు బెంగాల్ అని ఎక్కడో విని ఉన్నాను మరి.

వాట్‌గంజ్

అప్ప ఇల్లు రేవుకి దగ్గర్లో, వాట్‌గంజ్ సందులో ఉంది. కళింగపట్నం వైపు నుంచి వాళ్ళ మామగారు ఓడల్లో మూటలు మొయ్యడానికి వచ్చాడు. బావ కూడా రేవులోనే పనిచేసి అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడు కొడుకు సింహాచలం కంటైనర్ల యార్డులో షిఫ్టులు చేస్తున్నాడు. సందులో సగం మంది మనవాళ్ళే. "కీ ఖబర్ దాదా", ఏం కబురన్నా, అని మొదలెట్టి "మీ ఆవిడికి జొరం తగ్గిందేటి" అని ముగిస్తారు. నాకు రెండు రోజులకే అలవాటైపోయింది.

నేను దిగింది సప్తమి పొద్దున్న. వీధి మొగలో డప్పుల మోత గుండెల్లో కొడుతోంది. ఇంటి లోపల మాత్రం నిశ్శబ్దం. దేవుడి గూట్లో అఖండ దీపం వెలుగుతోంది. దాని ముందు అప్ప ఒంటిపూట భోజనంతో చిక్కిపోయి కూర్చుంది. దసరా పది రోజులూ ఆ ఇంట్లోకి నీసు రాదు. అత్తగారు పట్టిన వ్రతం, అప్ప వదల్లేదు. చుట్టూ ఊరంతా వేటమాంసం పొగలు లేస్తుంటే అప్ప ఇంట్లో పప్పూ ఆనపకాయే.

కోడలి పేరు మౌసుమి. బెంగాలీ పిల్ల, నర్సు. తెలుగు బాగానే వచ్చు, కాకపోతే 'అ' అనాల్సిన చోట 'ఒ' అంటుంది. సిలిగురిలో ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, దశమి సాయంత్రం బండికి ప్రయాణం. సింహాచలం సరేనన్నాడు. అప్ప సరేనని అనలేదు, వద్దనీ అనలేదు. అంతకన్నా గడుసుగా, మాట్లాడ్డం మానేసింది. "అన్నం పెట్టీసాను", "గ్యాసు అయిపోయింది", ఇవీ అత్తాకోడళ్ళ మధ్య కబుర్లు. నేను కాస్త కదిపి చూశాను.

"దానికి నేనేటి అడ్డమా? ఎల్తానంది, ఎల్తంది," అంది అప్ప, చిక్కుడుకాయల ఈనెలు పెరుకుతూ. "నానిక్కడ దీపం ఎలిగించుకుని బతుకుతాను."

ఆ సాయంత్రం నేను వరండాలో గాలం దారం చిక్కు తీసుకుంటుంటే మౌసుమి టీ తెచ్చింది. గాలం చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"మాశీ, నువ్వు పుటి పడతావా?"

వాళ్ళ భాషలో మాశీ అంటే పిన్ని, పుటి అంటే పరిగె. పడతాను అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో!

అప్పుడు చెప్పింది. బెంగాలీ ఇళ్ళలో దశమి పొద్దున్న జంట పుటి చేపల్ని చూస్తారట. చూశాక ఏ ప్రయాణం పెట్టుకున్నా మంచి జరుగుతుందని నమ్మకం. పళ్ళెంలో వరిగింజలు, గరిక, పక్కన రెండు చేపలు. ఇంట్లో పెద్దావిడ వాటికి సిందూరం బొట్టు పెట్టి చూపిస్తుంది. వాళ్ళమ్మ ప్రతి ఏడూ చూపించేదట. ఆవిడ పోయిన వానాకాలంలో చనిపోయింది. ఈసారి మౌసుమి చేస్తున్నది జీవితంలో మొదటి పెద్ద ప్రయాణం, చేపని చూపించేవాళ్ళు లేరు.

"బజార్లో దొరకవూ?" అన్నాను.

"బజార్లో బోలెడు. నేను కొని తెస్తే గొడొవ అవుతుంది. మా వ్రొతం కదా." అత్తగారిని ఆ పిల్ల 'మా' అనే పిలుస్తుంది. "నువ్వు పట్టి తెచ్చావనుకో, నీ సొరదా అనుకుంటారు. వరండాలోనే చూసేస్తాను. లోపలికి తేను. ఒక్క నిమిషం, అంతే మాశీ."

ఏం చెప్పను? పీతని తప్ప పట్టనిదాన్ని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని సరే అన్నాను.

చీమగుడ్ల దుకాణం

అష్టమి నాడు ఖిదిర్‌పూర్ బజారు వెనక సందులో గాలాల దుకాణం కనిపెట్టాను. అర డజను మంది మగాళ్ళు అక్కడ చేరి, పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళలా గంభీరంగా కూర్చుని ఉన్నారు. నేనూ వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాను. దుకాణం దాదా నన్ను చూసి, దారి అడగడానికి వచ్చాననుకున్నాడు.

పరిగెకి ఏ ఎర మంచిదని వచ్చీరాని హిందీలో అడిగానో లేదో, బెంచీ మొత్తం లేచింది. ఒకాయన గోధుమపిండి అన్నాడు. ఒకాయన వానపాము అన్నాడు. మూడో ఆయన ఇద్దర్నీ చూసి జాలిపడి చీమగుడ్లు అన్నాడు. అవి మామిడి కొమ్మల్లో ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్ర చీమల గుడ్లు. మన మన్యంలో పచ్చడి నూరుకుంటారు, ఇక్కడ చేపలకి పెడతారు. తెల్లగా, మెత్తగా, సగ్గుబియ్యంలా ఉన్నాయి. ఆకులో కట్టిన గుప్పెడు నూటయాభై రూపాయలు! "దాదా, ఈ డబ్బుకి చేపలే వస్తాయి కదా," అన్నాను. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. వాళ్ళకది దేవుడి మీద వేళాకోళం ఆడినట్టు అనిపించి ఉంటుంది. తేలడానికి నెమలి ఈక కాడ కట్టిన దారం కూడా కొన్నాను, మన బెండు కన్నా ముచ్చటగా ఉంది. పక్క కొట్లో చేతులు తుడుచుకోడానికి ఎర్ర గళ్ళ గమ్ఛా తీసుకున్నాను. పల్చగా జల్లెడలా ఉంటుంది, మన తువ్వాలులా నీళ్ళు పీల్చదు. మోసపోయాననుకున్నాను.

వస్తూ వస్తూ ఒక పందిరి దగ్గర వరుసలో నిలబడ్డాను. అదే నేను చూసిన ఏకైక పందిరి. గాలం కర్ర సంచీలోంచి పైకి పొడుచుకుని ఉంది, దాని కొక్కెం ముందున్న ఆవిడ కొప్పులో దిగింది. ఆవిడ ఒకడుగు ముందుకి, నేనొకడుగు ముందుకి. ఆవిడ వెనక్కి తిరిగి అరిచిన అరుపుకి డప్పులవాళ్ళు కూడా ఆగారు. కుర్రాళ్ళు వచ్చి కొక్కెం తీసి, "దిది, ఛిప్ తీసుకుని లోపలికి వద్దు," అని మర్యాదగా పక్కకి పంపేశారు. ఛిప్ అంటే గాలం కర్రట. వెళ్ళేముందు అరటాకు దొన్నెలో వేడి కిచిడీ ప్రసాదం చేతిలో పెట్టారు. పెసరపప్పు వేయించి వండిన ఆ కిచిడీ మాత్రం మన పులిహోరకి ఏమీ తీసిపోదు. కొప్పావిడ కూడా నా పక్కనే నిలబడి తింది. చివరికి నా దొన్నెలోకి తన వంకాయ వేపుడు ఒక ముక్క వేసింది, అది క్షమించినట్టని అనుకున్నాను.

జోకా దాటాక కాలువ

నవమి నాడు జోకా దాటి ఇంకా దక్షిణానికి పోయాను. అక్కడ రోడ్డు పక్కనే కాలువ, అటూ ఇటూ అరటితోటలు, గుర్రపుడెక్క తేలుతూ ఉంది. మా గెడ్డ గలగలమంటూ పారుతుంది. ఇది కదులుతోందో లేదో తెలియదు, భోజనం చేసి పడుకున్నట్టుంది.

గాలం వెయ్యగానే జనం చేరారు. కలకత్తాలో అన్నీ ప్రియమే గాని సలహా మాత్రం ఉచితం. గొడుగు పట్టుకున్న పెద్దాయన దారం లోతు పెంచమన్నాడు. సైకిలాయన తగ్గించమన్నాడు. ఇద్దరూ వాదించుకోవడం మొదలెట్టి, నన్ను మరిచిపోయి, టీ తాగడానికి కలిసి వెళ్ళిపోయారు. నూటయాభై రూపాయల చీమగుడ్లని పరిగెలు సుతారంగా కొరుక్కుతిని పోతున్నాయి. నెమలి ఈక వణుకుతుంది, లాగుతాను, ఉత్త కొక్కెం. మళ్ళీ వణుకుతుంది, మళ్ళీ ఉత్తదే. మధ్యాహ్నానికి నాకు ఏడుపొచ్చింది. సరదాకైతే ఎన్నిసార్లు ఓడినా ఫర్వాలేదు. ఆ పిల్లకి మాటిచ్చాను.

ఆకలేసి, ఆవనూనె, పచ్చిమిర్చి కలిపిన మరమరాల పొట్లం విప్పాను. అక్కడ వాటిని ముడి అంటారు, పొట్లం ఇరవై రూపాయలు. కారం నసాళానికెక్కి దగ్గు వచ్చింది. పొట్లంలో సగం నీళ్ళ పాలు. ఒక్క క్షణంలో నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. ఎక్కడెక్కడి పరిగెలూ వచ్చి మరమరాల మీద పడ్డాయి. దగ్గుతూనే గాలం వేశాను. ఈక మునిగింది, లాగాను. తెల్లగా, తళతళా, అరచేతిలో గిలగిలా! ఓలమ్మో అని నేనరిచిన అరుపుకి టీ తాగుతున్న ఆ ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. కాసేపటికి రెండోదీ పడింది. గొడుగు పెద్దాయన అది తన సలహా వల్లే అన్నాడు, సైకిలాయన తన సలహా వల్లే అన్నాడు. ఇద్దరికీ దణ్ణం పెట్టాను.

ఇక్కడే బుద్ధి గడ్డి తింది. మా అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది: ఒకరింటికి చేప పట్టుకెళ్తే బాగు చేసే పట్టుకెళ్ళాలి, వాళ్ళ పెరడు కంపు చెయ్యకూడదు. అందులోనూ వ్రతం ఇల్లు. రేపు పొద్దుటి దాకా నిలవుండాలి కూడా. కాలువ గట్టు మీద గరుకు రాయి చూసుకుని పొలుసు పోయేలా రుద్దాను. పొట్ట నొక్కి శుభ్రం చేశాను. మా ఇంట్లో చేసినట్టే తలలు గిల్లేశాను. దారిలో కొట్లో ఉప్పూ పసుపూ కొని దట్టించి, టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించాను. నా జీవితంలో పట్టిన మొదటి చేపలు! అంత శ్రద్ధగా మా పెళ్ళి ఫోటోలు కూడా దాచుకోలేదు.

దశమి

పొద్దున్నే సింహాచలం డ్యూటీకి పోయాడు. అప్ప దీపం ముందు ఉంది. వరండాలో మౌసుమి తలస్నానం చేసి, ఎర్ర అంచు తెల్ల చీర కట్టుకుని, ఇత్తడి పళ్ళెంలో వరిగింజలు, గరిక, సిందూరం భరిణె సర్దుకుంది. నేను గర్వంగా డబ్బా మూత తీశాను.

పసుపు పూసిన రెండు మొండేలు.

మౌసుమి వాటిని చూసింది, నన్ను చూసింది. చేప తలకాయ అంటే పడిచచ్చే ఊళ్ళో, శకునానికి తల లేని చేపలు తెచ్చాను. "ఫర్వాలేదు మాశీ, నువ్వు ఎంత కొష్టపడ్డావో," అని, పళ్ళెం తీసుకుని గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నాకు ఆ కాలువలో దూకేద్దామనిపించింది.

"ఏటది? నీసు వాసన కొడతంది." గుమ్మంలో అప్ప.

దాచి లాభం లేదు. ఆ పిల్ల వద్దని చెయ్యి ఊపుతున్నా మొత్తం చెప్పేశాను. వాళ్ళమ్మ సంగతి, జంట చేపల సంగతి, ఇంటి పెద్దావిడ బొట్టు పెట్టి చూపించాలన్న సంగతి. అప్ప డబ్బాలోకి చూసింది. ముందు నా మీద పడింది.

"నీకు బుర్రుందేటే? శకునం సేపకి ఎవులైనా తల గిల్లెత్తారా? పెళ్ళికూతుర్ని ముస్తాబు సేసి తల తీసీసినట్టు!"

తరవాత కోడలి వైపు తిరిగింది. గొంతు తగ్గించి, "మరి నాతో సెప్పడానికేటి నీకు?" అంది.

"మీ వ్రొతం పాడవుతుంది కదా మా."

"తినాలా దాన్ని?"

"లేదు. చూడడమే."

"సూడ్డమేనా!" అప్ప నుదురు కొట్టుకుంది. "ఓలి పిచ్చి గుంటా! సూత్తే వ్రతానికేటవుతాది? మీ అమ్మ పోయిందని నాకు తెల్దా? ఇంటికి పెద్దదాన్ని నేనుండగా నీకు సూపించీవోలు లేరని ఏడుత్తావేటి?"

ఆ పిల్ల ఏదో అనబోయింది. అప్ప వినలేదు. అప్పటికే కొంగు బొడ్లో దోపింది. "గుమ్మం లోపలికి రాకూడదన్నాను. గుమ్మం అవతలున్న నీళ్ళకి నా వ్రతమేటి? రండి బేగి. నువ్వా ఎర్ర తువ్వాల అట్టుకురా. అమ్మీ, పళ్ళెం నువ్వట్టుకో."

సందు చివర మెట్లున్న కొలను ఉంది, వాళ్ళు పుకుర్ అంటారు. పొద్దున్న ఆడవాళ్ళు గిన్నెలు తోముకునే చోటు. ముందురోజు దాని పక్కనుంచే గాలం పట్టుకుని ఊరవతలికి పోయాను! అప్ప చీర తడవకుండా ఎగ్గట్టుకుని, మోకాలి లోతు మెట్టు దాకా దిగింది. గమ్ఛా ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస కోడలి వైపు చాపింది.

"అట్టుకో. ఒదిలీకు. మా ఊరి గెడ్డలో సిన్నప్పుడు ఇలాగే అట్టీవోలం."

మౌసుమి పళ్ళెం మెట్టు మీద పెట్టి, తెల్ల చీరతోనే నీళ్ళలోకి దిగింది. ఇద్దరూ గమ్ఛాని నీళ్ళలో ముంచి, ఉయ్యాలలా వదులుగా పట్టుకున్నారు. నేను మెట్టు మీంచి, ముందురోజు పొట్లంలో మిగిలిన మరమరాలు చల్లాను. ఆ విద్య ఒక్కటే నాది. కేకలు వెయ్యకుండా ఉండడానికి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

పరిగెలు వచ్చాయి. మొదటిసారి అప్ప తొందరపడి ఎత్తింది, కోడలి వైపు వాలిపోయి అన్నీ జారిపోయాయి. "సమంగా ఎత్తాలే," అంది అప్ప. "మీరు ముందే ఎత్తేశారు మా," అంది కోడలు. నేను అక్కడికి వెళ్ళాక వాళ్ళిద్దరూ ఒకరి తప్పు ఒకరు ఎంచుకోగా వినడం అదే మొదలు, నాకెంత ఆనందమేసిందో! రెండోసారి మళ్ళీ మరమరాలు చల్లాను. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, తలూపుకుని, ఒక్కసారిగా పైకి ఎత్తారు.

గమ్ఛా నుంచి నీళ్ళన్నీ జల్లెడలోంచి దిగినట్టు దిగిపోయాయి. గుడ్డ మీద మూడు పరిగెలు, తలకాయలతో సహా, గంతులేస్తున్నాయి. ఒకటి ఎగిరి నీళ్ళలో పడింది. రెండు మిగిలాయి.

"సిందూరం తే," అంది అప్ప. నేను భరిణె అందించాను. అప్ప చిటికెన వేలితో ఒక్కో చేప నుదుటి మీద చుక్క పెట్టింది. అదే వేలితో కోడలి నుదుట పెట్టింది. వరిగింజలు, గరిక ఆ పిల్ల తల మీద వేసి, "సూడు. బాగా సూడు. ఇంక నీకు ఏ బయమూ లేదు," అంది.

మౌసుమి చూసింది. కళ్ళు నిండిపోయి ఎంత చూసిందో తెలియదు గాని, గమ్ఛా కొస మాత్రం వదల్లేదు. చేపలకి ఊపిరాడటం లేదని నేనే గుర్తు చెయ్యాల్సి వచ్చింది. గుడ్డ నీళ్ళలోకి దించగానే, నుదుట బొట్టుతో అవి రెండూ ఎటో వెళ్ళిపోయాయి. గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళు మావైపు చూసి ఉలూ ఉలూ అని మంగళధ్వని చేశారు. అప్ప సిగ్గుపడింది.

సియాల్దా

సాయంత్రం స్టేషనుకి, డ్యూటీ దిగొచ్చిన సింహాచలంతో, నాతో పాటు అప్ప కూడా వచ్చింది. రానని మధ్యాహ్నం దాకా అంది, ఆటో వచ్చాక అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది. ఊరంతా అమ్మవారిని నీళ్ళలో కలపడానికి బయల్దేరి ఉంది. స్టేషను నిండా నుదుటి నుంచి చెంపల దాకా సిందూరం పూసుకున్న ఆడవాళ్ళు. మా అప్ప చిటికెన వేలి మీద ఎరుపు కూడా ఇంకా పోలేదు.

నా ఉప్పూ పసుపూ చేపల సంగతి అడుగుతారేమో. దశమి దీపం కొండెక్కాక మర్నాడు అప్ప వాటిని వేయించింది. "ముల్లు తప్ప ఏటీ లేదు," అంటూనే రెండూ తనే తినేసింది, నాకు తోక కూడా మిగల్చలేదు.

బండి కదిలే ముందు అప్ప కిటికీ దగ్గరికి పోయింది. పొట్లం కట్టిన రొట్టెలు లోపలికి అందించింది. ఇంకేదో చెప్పాలని నిలబడి, ఊచలు పట్టుకుని, చివరికి అంది:

"వచ్చే దశమికి నీకు సెలవు దొరక్కపోతే దిగులెట్టుకోకు. పరిగెల్ని నానే అట్టి, ఫోన్లో సూపిత్తాను."

మౌసుమి కిటికీలోంచి చెయ్యి చాపి అత్తగారి కొంగు పట్టుకుంది.

"ఒక్కరే ఎలా పడతారు మా? రెండో కొస నేను పట్టుకోవాలి కదా."